కొవ్వు పెరిగిందా, నీరు చేరిందా? ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్ల ఒంట్లో నీటిని లెక్కగట్టడం గురించి

ఒక డైటీషియన్ అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: అనొరెక్సియాతో (లావెక్కుతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే జబ్బు) వార్డులో చేరిన 19 ఏళ్ల అమ్మాయి, ఎత్తు 160 సెంటీమీటర్లు. వాంతుల చరిత్ర లేదు. చేరిన రోజు బరువు 38 కిలోలు. బీఐఏ మెషిన్ (ఒంట్లోకి చిన్న కరెంటు పంపి కొవ్వు, కండ అంచనా వేసే యంత్రం) అందులో కొవ్వు 4.2 కిలోలని చూపించింది. మొదటి వారం రోజుకు 1,200 కేలరీలు, రెండో వారం 1,600 ఇచ్చారు. రెండు వారాలకు బరువు 40.4, కొవ్వు 6.2 కిలోలు. అంటే పెరిగిన 2.4 కిలోల్లో 2 కిలోలు కొవ్వేనట. ఆ ప్రింటవుట్ అమ్మాయి కంటపడింది. అప్పటినుంచి కంచం ముట్టడం లేదు. మెషిన్ చెప్పింది నిజమేనా? కాకపోతే దేన్ని నమ్మాలి? డెక్సా (ఎక్స్‌రేతో ఎముక, కొవ్వు, కండ చూసే స్కాన్) చేయిస్తే తేలిపోతుందా?

నా జవాబు:

ఆ 2 కిలోలు కొవ్వు కాదు. ఇది తేల్చడానికి ఇంకో యంత్రం అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. గ్రాము కొవ్వులో 9 కేలరీల పైచిలుకు శక్తి ఉంటుంది. 2 కిలోల కొవ్వు చేరాలంటే 18,000 కేలరీలకు పైగా మిగలాలి. 14 రోజులకు పంచితే రోజుకు 1,300 దాకా వస్తుంది, అదీ ఒళ్లు ఖర్చు పెట్టుకున్నది పోగా. మీరు ఇచ్చిందే 1,200, 1,600. తిన్నదంతా దాచుకుని, గుండె కొట్టుకోవడానికి కూడా ఖర్చు పెట్టని ఒళ్లు ఉంటే తప్ప ఇది కుదరదు. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడల్లా ముందు ఈ లెక్క వేయండి. సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

మరి మెషిన్ ఎందుకలా చెప్పింది? అది కొవ్వును కొలవదు కాబట్టి. నిజానికి నీటిని కూడా కొలవదు. చేతి నుంచి కాలికి చాలా చిన్న కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. అది ఒక్కటే కొలత. తరవాతదంతా అంచనా మీద అంచనా. ఆ అడ్డును బట్టి, ఎత్తు, బరువు, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవి కలిపి, ఒంట్లో ఇన్ని లీటర్ల నీరుందని ఒక సూత్రం చెబుతుంది. ఆ సూత్రాన్ని తయారుచేసింది ఆరోగ్యవంతులను కొలిచి. ఆపైన ఆ నీటిని 0.73తో భాగిస్తుంది, ఎందుకంటే కొవ్వు తీసేయగా మిగిలిన శరీరంలో 73 శాతం నీరే ఉంటుందన్నది దాని నమ్మకం. అలా వచ్చిన సంఖ్యను బరువులోంచి తీసేస్తే మిగిలేదే ‘కొవ్వు’. అంటే మనం చూసే కొవ్వు అంకె, పైన జరిగిన తప్పులన్నీ వచ్చి చేరే అడుగు బొడుగు.

ఈ 0.73 కథ కాస్త చెప్పాలి. 1945లో పేస్, రాత్‌బన్ అనే ఇద్దరు గినీ పందుల మీద చేసిన కొలతలు, అప్పటికి ఇతర జంతువుల మీద ఉన్న లెక్కలు కలిపి 73.2 శాతం అన్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఆ సంఖ్య ఇప్పటికీ బాగానే నిలబడుతోంది. కానీ నెలల తరబడి కడుపు మాడ్చుకున్న మనిషిలో అదే మొదట కదిలిపోయే సంఖ్య. కండ కరిగినప్పుడు కణాల లోపలి నీరు దాంతోపాటే పోతుంది. కణాల బయటి నీరు మాత్రం అంతగా తగ్గదు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది మగవాళ్లకు 24 వారాలపాటు అరకొర తిండి పెట్టి చూసింది. వాళ్లు దాదాపు పావు వంతు బరువు కోల్పోయారు. చిక్కి శల్యమైన ఆ ఒళ్లలోనే కాళ్లకు నీరు పట్టింది. ఆకలి వల్ల మనిషి ఎండిపోతాడని అనుకుంటాం. శాతాల్లో చూస్తే జరిగేది దానికి తలకిందులు, ఒళ్లు పలచబడి నీరవుతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి మొదటి రోజు లెక్కనే తీసుకోండి. కొవ్వు 4.2 అంటే మెషిన్ దృష్టిలో మిగతా శరీరం 33.8 కిలోలు, నీరు సుమారు 24.7 లీటర్లు. ఆ 24.7 నిజమే అనుకుందాం. కొవ్వు కాని భాగంలో నీటి వాటా 0.73 కాకుండా 0.76 అయితే కొవ్వు 5.5 కిలోలు అవుతుంది. 0.78 అయితే 6.3. అదే ఆమె నీళ్లు తాగకుండా ఒట్టిపోయి వచ్చి, ఆ వాటా 0.70కి పడిపోయి ఉంటే 2.7 కిలోలు. మనిషి అదే, నీరూ అదే. మనం పెట్టుకున్న ఊహను బట్టి కొవ్వు 2.7 నుంచి 6.3 దాకా ఊగుతోంది. ఇంకోలా చెప్పాలంటే నీటి లెక్కలో ఒక్క లీటరు తప్పితే కొవ్వు లెక్కలో 1.37 కిలోలు తప్పుతుంది. 20 కిలోల కొవ్వున్న మనిషిలో ఇదొక లెక్కలోది కాదు. 4 కిలోలున్న అమ్మాయిలో మూడో వంతు.

యూరప్ క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ఎస్పెన్ 2004లోనే ఈ మాట రాసిపెట్టింది: బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 16 కంటే తక్కువ, 34 కంటే ఎక్కువ ఉన్నవాళ్లలో, ఒంటి నీరు అటూఇటూ అయినవాళ్లలో, బీఐఏ అంకెలను రోజువారీ అంచనాకు వాడవద్దని. మీ పేషెంట్ బీఎంఐ చేరినప్పుడు 14.8, ఇప్పుడు 15.8. రెండుసార్లూ ఆ గీత అవతలే.

ఇంకో పితలాటకం ఉంది. కరెంటుకు సన్నటి దారిలో అడ్డు ఎక్కువ, వెడల్పు దారిలో తక్కువ. ఒక చెయ్యి శరీర బరువులో 4 శాతం దాకా ఉంటుంది, కానీ చేతి నుంచి కాలికి కొలిచే అడ్డులో దాదాపు సగం దానిదే. మొండెం బరువులో సగం దాకా ఉంటుంది, అడ్డులో దాని వాటా 10 శాతం చుట్టుపక్కలే. అంటే పొట్టలో ఏం జరుగుతోందో ఈ మెషిన్‌కు సరిగ్గా కనబడదు. ఇది నా మీదే చేసి చూసుకున్నాను. మంచం మీద పడుకుని ఒకసారి కొలిపించుకున్నాను. లేచి లీటరు నీళ్లు తాగి, మళ్లీ పది నిమిషాలు పడుకుని రెండోసారి. అడ్డు రెండు మూడు ఓమ్‌లు కూడా మారలేదు. బరువు మాత్రం కిలో పెరిగింది. మెషిన్ ఏమనుకుంటుంది? బరువు పెరిగింది, నీటి జాడ లేదు, కాబట్టి కొవ్వు. పది నిమిషాల్లో నాకు దగ్గర దగ్గర కిలో కొవ్వు అంటగట్టింది.

అదే నీరు కాళ్లలో చేరితే కథ తిరగబడుతుంది. సన్నటి కాలులో నీరు నిండగానే అడ్డు తగ్గిపోతుంది, మెషిన్ దాన్ని కొవ్వు కాని భాగంలో వేస్తుంది, ప్రింటవుట్‌లో ‘కండ’ పెరుగుతుంది. పొట్టలో నీళ్లు కొవ్వవుతాయి, కాళ్లలో నీళ్లు కండవుతాయి. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే ఈ మెషిన్‌తో సగం మోసాలు తప్పుతాయి.

నేనూ మోసపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బులీమియా (అతిగా తిని, వాంతులతోనో మాత్రలతోనో బయటికి పంపేసే జబ్బు) ఉన్న ఒకమ్మాయి, ఏళ్ల తరబడి వాడిన విరేచనాల మాత్రలు మానేసి వారమైంది. మెషిన్ కండ కిలోన్నర పెరిగిందంది. సంబరంగా కేస్ షీట్‌లో రాసేశాను. సాయంత్రం మా సీనియర్ నర్స్ ఆ అమ్మాయి సాక్స్ కిందికి లాగి, మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. సాక్స్ ఎలాస్టిక్ చుట్టూ తాడు కట్టినట్టు గాడి. వాంతులు, విరేచనాల మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు ఎక్కువ కాలం సాగితే, పోతున్న నీటిని పట్టుకోవడానికి శరీరం ఆల్డోస్టిరోన్ అనే, ఉప్పును, నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను పెంచుకుంటుంది. అవి ఆపేసిన రోజున హార్మోన్ వెంటనే దిగిరాదు. తాగిన నీరు, తిన్న ఉప్పు లోపలే ఉండిపోతాయి. దీన్ని స్యూడో బార్టర్ సిండ్రోమ్ అంటారు. అలాంటి సమయంలో సెలైన్ గబగబా ఎక్కిస్తే వాపు ఇంకా పెరుగుతుంది. ఆ రోజునుంచి మెషిన్ దగ్గరికి వెళ్లేముందు పేషెంట్ కాళ్లు చూడటం నాకు అలవాటైంది.

మీ పేషెంట్ విషయంలో వాంతుల చరిత్ర లేదన్నారు కాబట్టి కారణం వేరే ఉంటుంది. రోజుల తరబడి ఖాళీగా ఉన్న కాలేయం, కండరాలు మళ్లీ గ్లైకోజన్ (ఒళ్లు దాచుకునే పిండి పదార్థం) నింపుకుంటాయి. గ్రాము గ్లైకోజన్‌తోపాటు సుమారు 3 గ్రాముల నీరు చేరుతుంది. 400 గ్రాములు నిండితే నీటితో కలిపి 1.6 కిలోలు. ఆమె కండకు అంత చోటు లేకపోవచ్చు, సగం వేసుకున్నా 800 గ్రాములు. పిండి పదార్థం తిన్నప్పుడు పెరిగే ఇన్సులిన్ కిడ్నీలతో ఉప్పును పట్టి ఉంచేలా చేస్తుంది, దాని వెంట నీరు. పైగా పేగులు మందగించి ఉంటాయి కాబట్టి తిన్నది, తాగింది కడుపులో ఎక్కువసేపు ఉంటుంది. ఇవన్నీ కలిపితే మీ 2.4 కిలోల్లో సింహభాగం లెక్కకు వచ్చేస్తుంది. కొంత కొవ్వు కూడా చేరే ఉంటుంది, చేరాలి కూడా. ఈ మాటకు మళ్లీ వస్తాను.

ఇక దేన్ని నమ్మాలన్నది.

ఒంటి నీటిని నిజంగా కొలవాలంటే భారజలం పద్ధతి ఉంది. తొట్టిలో ఎంత నీరుందో తెలియనప్పుడు చిటికెడు రంగు కలిపి, ఎంత పలచబడిందో చూసి చెప్పినట్టే ఇది. ముందు ఉమ్మి నమూనా తీసుకుని, కచ్చితంగా తూచిన భారజలం తాగించి, 3, 4 గంటలకు మళ్లీ నమూనా తీసుకుంటారు. భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, కొంతమేర నీటిలో లేని హైడ్రోజన్‌తో కూడా మారకం చేసుకుంటుంది కాబట్టి వచ్చిన సంఖ్యను 1.04తో భాగించాలి. ఇది రేడియోధార్మికం కాదు. ఈ మాట పేషెంట్‌కు ముందే చెప్పండి, ‘భారజలం’ అన్న పేరు వినగానే రియాక్టర్లు గుర్తొస్తాయి. మన పేషెంట్లలో రెండు మెలికలున్నాయి. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, వాపులో ఉన్న నీటిలోకి అది కలవడానికి సమయం పడుతుంది. అందుకని 5, 6 గంటల నమూనాలు కూడా తీసి, వరుసగా రెండు సమానంగా వచ్చాయో లేదో చూడాలి. రెండోది, మధ్యలో తాగిన నీళ్లన్నీ రాసిపెట్టాలి. కప్పులోంచి ఒక గుక్క ఒలికితే ఆ రోజు కొలత దండగే.

అయితే భారజలం చెప్పేది నీరు ఎంతో మాత్రమే. దాన్నుంచి కొవ్వుకు వెళ్లాలంటే మళ్లీ ఆ 0.73 దగ్గరికే రావాలి. ఇక్కడ నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఒంట్లో నీటి వాటా పెరిగినప్పుడు, నీటి నుంచి లెక్కగట్టే పద్ధతి కొవ్వును తక్కువ చేసి చూపిస్తుంది. శరీర సాంద్రత నుంచి లెక్కగట్టే పద్ధతి, అంటే నీళ్లలో ముంచి తూచడమో, గాలి గదిలో కూర్చోబెట్టి ఘనపరిమాణం కొలవడమో, ఎక్కువ చేసి చూపిస్తుంది. కొవ్వు కాని భాగం సాంద్రత 1.100 అని అది అనుకుంటుంది. నీరు పెరిగి, ఎముక ఖనిజం తగ్గితే ఆ సాంద్రత పడిపోతుంది, ఆ తగ్గుదలనంతా కొవ్వు ఖాతాలో రాసేస్తుంది. ఒకే మనిషికి ఈ రెండు పద్ధతులూ చేసి, వాటి మధ్య తేడా చూస్తే, ఆ తేడానే నీటి సంగతి చెబుతుంది. నీటిని, ఘనపరిమాణాన్ని, ఎముక ఖనిజాన్ని విడివిడిగా కొలిచి కలిపే నాలుగు భాగాల నమూనా పుట్టింది ఇందుకే. పరిశోధనకు అదే ప్రమాణం. వార్డులో ఎవరూ చేయరు, చేయనక్కర్లేదు.

డెక్సా గురించి అడిగారు. చేయించండి, కానీ కొవ్వు కోసం కాదు, ఎముకల కోసం. నెలసరి ఆరు నెలలకు పైగా ఆగిపోయిన అమ్మాయికి ఎముక సాంద్రత చూడటం ఎలాగూ అవసరమే. అదే స్కాన్‌లో కొవ్వు అంకె కూడా వస్తుంది. బీఐఏ అంకె కంటే అది నమ్మదగినదే. కానీ డెక్సాకు కూడా వాపు నీరు ‘లీన్’ (కొవ్వు, ఎముక కాని భాగం) కిందే కనిపిస్తుంది. కాళ్లకు నీరు పట్టి ఉన్న వారంలో చేయించి, తగ్గాక మళ్లీ చేయించి, అయ్యో కండ పోయిందని కంగారుపడితే ఆ తప్పు మనదే. వాపు లేని రోజున చేయించండి, మళ్లీ చేయించడం ఆరు నెలలో ఏడాదో తరవాత. రేడియేషన్ చాలా స్వల్పం, అయినా గర్భం లేదని నిర్ధారించుకోవడం మామూలే.

చర్మాన్ని పట్టి కాలిపర్‌తో కొలిచే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. నీరు పట్టిన చర్మం నొక్కేకొద్దీ అణిగిపోతుంది, చెయ్యి మారితే అంకె మారుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కొవ్వంటే హడలిపోయే అమ్మాయి ఒంటిని ఇంకొకరు చిటికెల్లో పట్టి కొలవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. జబ్బ చుట్టుకొలత టేపుతో చాలు.

ఇంతా చెప్పి, మీ బీఐఏ మెషిన్‌ను అటక ఎక్కించమనడం లేదు. దాని కొవ్వు శాతాన్ని మాత్రం వదిలేయండి. అది కొలిచే ఆ అడ్డులోనే రెండు భాగాలుంటాయి, నిరోధం, రియాక్టెన్స్. చాలా మెషిన్లలో ఏదో మెనూలో దాక్కుని ఉంటాయి, వెతకండి. నీరు పెరిగితే నిరోధం తగ్గుతుంది. కణాల గోడలు ఎన్ని, ఎంత గట్టిగా ఉన్నాయన్నది రియాక్టెన్స్‌లో కనిపిస్తుంది. రెండింటినీ కలిపితే వచ్చేది ఫేజ్ యాంగిల్. ఆరోగ్యవంతుల్లో సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటుంది, అనొరెక్సియాలో పడిపోతుంది. ఇందులో 0.73 లేదు, బరువు లేదు, ఎవరి సూత్రమూ లేదు.

ఉదాహరణకు మొదటి రోజు నిరోధం 780 ఓమ్‌లు, రియాక్టెన్స్ 54 అనుకోండి. ఫేజ్ యాంగిల్ 4.0 డిగ్రీలు. వారానికి 690, 46 అయ్యాయి, 3.8 డిగ్రీలు. నిరోధం బాగా తగ్గింది, కోణం పెరగకపోగా కాస్త దిగింది. నీరు చేరింది, కణాల బయట చేరింది. బరువు చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. అలా కాకుండా రెండు నెలలకు 690, 58 అయితే 4.8 డిగ్రీలు. ఇప్పుడు కణాలు తిరిగి వస్తున్నాయి. కొవ్వు శాతం ఏం చూపించినా ఈ అమ్మాయి కోలుకుంటోంది. ఈ రెండు కొలతలనూ ఎత్తుతో భాగించి గ్రాఫ్ మీద గీతగా గీసే పద్ధతిని ఇటలీకి చెందిన పిక్కోలి 1994లో తెచ్చారు. గీత పొట్టిదైతే నీరు ఎక్కువ, పొడుగైతే తక్కువ. రోజువారీ పనికి నాకు ఇంతకంటే ఉపయోగపడింది లేదు.

కొలిచే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే సగం తేడాలు అక్కడే వస్తాయి. పొద్దున, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఒంటికి, తొడలు ఒకదానికొకటి తగలకుండా. ఎప్పుడూ ఒకే మెషిన్, ఒకే వైపు. ఈ పేషెంట్ల చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి, చల్లటి చర్మం వల్ల అడ్డు ఎక్కువ చూపిస్తుంది. దుప్పటి కప్పి, వేళ్లు వెచ్చబడ్డాకే ఎలక్ట్రోడ్లు అంటించండి.

పక్కనే మూత్రం స్పెసిఫిక్ గ్రావిటీ (ఎంత చిక్కగా ఉందన్న కొలత), రక్తంలో సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్ కూడా చూడండి. మొదటి రెండు వారాల్లో ఫాస్ఫేట్ పడిపోవడం ప్రాణం మీదికి తెస్తుంది, కొవ్వు శాతం చర్చలో పడి దాన్ని మరవకండి. స్పెసిఫిక్ గ్రావిటీ 1.005 కంటే తక్కువుంటే తూకానికి ముందు నీళ్లు బాగా తాగి ఉండొచ్చు. అయితే ఆకలి వల్ల కిడ్నీలకే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గి ఉండొచ్చు కూడా. కాబట్టి దొంగను పట్టుకున్నట్టు నిలదీయకండి. సోడియం చూడండి. 135 కంటే కిందికి జారుతుంటే అది నిజాయితీ సమస్య కాదు, ఫిట్స్ రాగల సమస్య. క్రియాటినిన్ (కండ నుంచి వచ్చి కిడ్నీల ద్వారా పోయే వ్యర్థం) నార్మల్‌గా ఉందని నిశ్చింతగా ఉండకండి. కండ లేని మనిషిలో అది తక్కువే ఉండాలి, ‘నార్మల్’ అంటేనే కిడ్నీ మీద అనుమానం రావాలి.

అతిగా తినే జబ్బుతో బాగా బరువున్నవాళ్లలో కూడా కణాల బయటి నీటి వాటా ఎక్కువే ఉంటుంది. అక్కడ మెషిన్ ఆ నీటిని చూసి కొవ్వును తక్కువ చేసి చెబుతుంది. రోగం వేరైనా 0.73 పేచీ అదే.

ఇక ఆ ప్రింటవుట్ చూసిన అమ్మాయి. మీకు మొదట తోచే మాట, ‘కంగారు పడకమ్మా, అది కొవ్వు కాదు, నీళ్లే’ అని. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. అలా అంటే కొవ్వు చేరితే కంగారు పడాల్సిందే అని జబ్బుతో మనం కూడా తలూపినట్టవుతుంది. కొవ్వు లేకుండా ఆమె నెలసరి తిరిగి రాదు, ఎముక నిలబడదు. పైగా తిరిగి పెరిగే బరువులో కొవ్వు మొదట నడుము, పొట్ట దగ్గర చేరి, బరువు నిలకడగా ఉన్న నెలల్లో మెల్లగా సర్దుకుంటుంది. అది అద్దంలో కనబడిన రోజున మీ మాట అబద్ధమైపోతుంది. నేనైతే ఇలా అంటాను: ‘ఈ మెషిన్ నీలాంటి ఒంటి కోసం తయారైంది కాదు. ఇది నీ దగ్గర ఏం కొలిచిందో దానికే తెలియదు. నీ ఒంట్లోకి ఇప్పుడు నీరు, గ్లైకోజన్, కొంచెం కండ, కొంచెం కొవ్వు అన్నీ వస్తున్నాయి, అన్నీ రావాలి. ఏది ఎంతో మేం చూసుకుంటాం.’ ప్రింటర్ ప్లగ్ పీకేయండి.

ఒక్క హెచ్చరిక. చేరిన ఈ నీరు సాధారణంగా కొన్ని వారాల్లో దిగిపోతుంది. అప్పుడు బాగా తింటున్నా బరువు ఆగిపోతుంది, ఒక్కోసారి అర కిలో, కిలో తగ్గుతుంది కూడా. అదే వారంలో టీమ్ అంతా అమ్మాయి తిండి దాచేస్తోందని అనుమానపడటం నేను చాలాసార్లు చూశాను. అలా బరువు ఆగిన రోజున ముందు ఆమె సాక్స్ కిందికి లాగి చూడండి. గాడి మాయమై, నిరోధం పెరిగి, ఫేజ్ యాంగిల్ ఉన్నచోటే ఉన్నా, పెరిగినా ఆమె నిజమే చెబుతోంది.